అమ్మానాన్నలకు పక్క ఎక్కడ వేద్దాం?

మినోరు బడి నుంచి వచ్చేసరికి వాడి చదువు బల్ల గదిలో లేదు. నడవలోకి జరిపేశారు. ఊరి నుంచి తాతయ్య, నానమ్మ వస్తున్నారు, వాళ్లకు గది కావాలి. పరీక్ష ఉంది, నేనెక్కడ చదువుకోవాలని వాడు తల్లి మీద విరుచుకుపడతాడు. నువ్వెప్పుడు చదివావు గనక అని ఆమె తన పని తాను చేసుకుపోతుంది. జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు 1953లో తీసిన ‘టోక్యో స్టోరీ’లో మహానగరపు ఇంట్లోకి మనం అడుగుపెట్టేది ఈ చిన్న గొడవతోనే. వచ్చేవాళ్లు ఇంకా గడప తొక్కలేదు. వాళ్లు వస్తే ఒకరి చోటు తగ్గుతుందన్న సంగతి మాత్రం మనకు అప్పుడే తెలిసిపోయింది.

2012లో బ్రిటన్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ ప్రపంచ దర్శకులను అడిగినప్పుడు అన్ని కాలాల సినిమాల్లోకీ మొదటి స్థానం దీనికే దక్కింది. దీని గురించి రాసినవాళ్లు తరాల మధ్య దూరం గురించి రాశారు, యుద్ధం తర్వాతి జపాన్ గురించి రాశారు. అవన్నీ ఉన్నాయి. కానీ రెండు గంటల పదహారు నిమిషాల ఈ సినిమా అంతా ఒక ఇంటి ప్రశ్న చుట్టూ తిరుగుతుందని నాకు అనిపిస్తుంది: ఈ రాత్రి అమ్మానాన్నలకు పక్క ఎక్కడ వేద్దాం? ఎవరింట్లో, ఏ గదిలో, ఎవరు సర్దుకుంటే? ఆ ప్రశ్న పట్టుకుని సన్నివేశాల వెంట నడిస్తే, ఏమీ జరగడం లేదని చాలామంది అనుకునే ఈ సినిమాలో క్షణం తీరిక లేకుండా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది.

మొదలు ఒనోమిచిలో. హిరోషిమా ప్రాంతంలో సముద్రం ఒడ్డున కొండవాలు మీద కట్టుకున్న చిన్న పట్టణం. రాతి దీపస్తంభం, రేవు, బడికి పోతున్న పిల్లలు, ఇళ్ల కప్పుల మధ్య నుంచి సాగిపోయే రైలు. లోపల డెబ్బై ఏళ్ల షుకిచి, భార్య తోమి ప్రయాణానికి మూట సర్దుకుంటున్నారు. గాలి ఊది పెట్టుకునే ప్రయాణపు దిండు ఎక్కడుందని ఆయన అడుగుతాడు. మీకే ఇచ్చానంటుంది ఆమె. ఇక్కడ లేదంటాడు ఆయన. కాసేపు వెతికి, ఆ, ఉంది అంటాడు. దిండు ఆయన దగ్గరే ఉంది. ఆమె తప్పు పట్టదు, ఆయన సంజాయిషీ చెప్పడు. ఒక కాపురం వయసెంతో చెప్పడానికి ఓజుకి ఈ దిండు చాలింది. తలవాల్చే చోటు కోసం వీళ్ల వెతుకులాట కూడా ఇక్కడే మొదలైంది. కిటికీ దగ్గర ఆగిన పొరుగింటావిడ, మంచి పిల్లలు, మీరు అదృష్టవంతులు అని పలకరించి వెళుతుంది.

ఐదుగురు పిల్లలు వీళ్లకు. పెద్దవాడు కోయిచి టోక్యోలో డాక్టరు. కూతురు షిగే అక్కడే బ్యూటీ పార్లర్ నడుపుతోంది. రెండో కొడుకు షోజి యుద్ధంలో పోయి ఎనిమిదేళ్లు. అతని భార్య నోరికో టోక్యోలోనే ఒంటరిగా ఉంటూ ఆఫీసులో పనిచేస్తోంది. ఆఖరి కొడుకు కేజో ఒసాకాలో రైల్వే ఉద్యోగి. చిన్న కూతురు క్యోకో బడిలో టీచరు, అమ్మానాన్నల దగ్గరే ఉంటుంది.

ప్రయాణం ఓజు చూపించడు. ఒనోమిచిలో సర్దుకుంటున్న వాళ్లు ఉన్నారు, ఆ వెంటనే టోక్యో పొగగొట్టాలు. సినిమా పొడవునా ఇదే పద్ధతి. మరో దర్శకుడైతే పండుగ చేసుకునే ఘట్టాలను ఈయన వదిలేస్తాడు. వాటికి ముందు మాటలు, తర్వాత మాటలు ఉంచుకుంటాడు. మనుషుల స్వభావం ఆ మాటల్లోనే దొరుకుతుందని ఆయన నమ్మకం.

కోయిచి ఇల్లు నగరం నడిబొడ్డున లేదు. ఎక్కడో శివారున, నది కరకట్ట పక్కన. పిల్లల జబ్బులకూ మామూలు జ్వరాలకూ మందిచ్చే చిన్న క్లినిక్కు, దానికే ఆనుకుని కాపురం. కొడుకు పెద్ద డాక్టరని ఊళ్లో చెప్పుకున్న తల్లిదండ్రులు ఆ ఇంటి చుట్టూ ఒకసారి చూస్తారు. పైకి ఏమీ అనరు. రాత్రి భోజనంలోకి మాంసం ఉంది, పచ్చిచేప కూడా తెప్పిద్దామా అని కోడలు ఫుమికో అడుగుతుంది. మాంసం చాల్లే అంటాడు కోయిచి. దుర్మార్గం కాదది, పొదుపు కూడా కాకపోవచ్చు. సొంతవాళ్లకు ఇంత మర్యాద ఎందుకన్న చనువు. ఆ చనువులోనే ఎక్కడో ఒక పిసరు తగ్గుతుంది. ఎంత తగ్గిందో ఓజు కొలిచి చూపించినంత కచ్చితంగా ఇంకెవరూ చూపించలేదు.

ఆదివారం అందరూ కలిసి ఊరు చూడ్డానికి బట్టలు మార్చుకుని సిద్ధమవుతారు. సరిగ్గా అప్పుడే ఒక రోగి ఇంటి నుంచి కబురు. పిల్లాడికి జ్వరం తగ్గలేదు. కోయిచి సంచీ తీసుకుని వెళ్లిపోతాడు. ఎవరిది తప్పు? జబ్బుపడిన పిల్లాడిదా? మినోరు మళ్లీ గొడవ చేస్తాడు. తోమి చిన్న మనవడు ఇసాముని తీసుకుని కరకట్ట ఎక్కుతుంది. నువ్వు పెద్దయ్యాక ఏమవుతావని అడుగుతుంది. మీ నాన్నలా డాక్టరువా అంటుంది. నువ్వు డాక్టరువయ్యే నాటికి నేనుంటానో లేదో అని తనలో తాను అనుకుంటుంది. వాడు వినడు, గడ్డి పీకుతూ తన ఆటలో ఉంటాడు. మేడ మీది గదిలో కూర్చుని షుకిచి దూరం నుంచి వాళ్లిద్దరినీ చూస్తుంటాడు. మొత్తం సినిమాలో మరణం మాట మొదటిసారి వచ్చేది ఇక్కడే. ఆ మాట చెప్పింది ఎవరికి? అర్థం కాని వయసున్న వాడికి.

కొన్నాళ్లకు మకాం షిగే ఇంటికి మారుతుంది. కింద పార్లర్, మేడ మీద వీళ్లిద్దరూ. షిగే భర్త అత్తమామల కోసం మంచి మిఠాయి తెస్తాడు. ఇంత ఖరీదైనవి వాళ్లకెందుకు తెచ్చావని షిగే కసురుతుంది, తనే ఒకటి నోట్లో వేసుకుంటుంది. ఈ పాత్ర వేసిన హరుకో సుగిమురా నాటకరంగంలో మహానటి. ఆమె చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు. పని ఆపకుండానే మాట్లాడుతుంది, మాట్లాడుతూనే లెక్కలు వేస్తుంది. ఊరు తిప్పడానికి తనకు తీరిక లేదు, అన్నకు తీరిక లేదు. అందుకని నోరికో ఆఫీసుకు ఫోన్ చేస్తుంది.

నోరికో సెలవు అడిగి వస్తుంది. టూరు బస్సులో అత్తమామలకు చక్రవర్తి కోట చూపిస్తుంది, గింజా వీధి చూపిస్తుంది. ఎత్తయిన భవనం మెట్ల మీద నిలబడి, కోయిచి బావగారి ఇల్లు అటువైపు, షిగే వదినగారి ఇల్లు ఇటువైపు అని చెయ్యి చాపుతుంది. మరి నీ ఇల్లెక్కడమ్మా అని అడుగుతారు. 

ఆ ఇల్లు ఒకే గది. పక్కవాటా ఆవిడ దగ్గరికి పరుగెత్తి సారాయి అప్పు తెస్తుంది నోరికో. పోయడానికి పాత్ర లేదు, మళ్లీ పరుగెత్తి అదీ తెస్తుంది. బయటి నుంచి తెప్పించిన అన్నం గిన్నెలు ముందుపెట్టి, వాళ్లు తింటున్నంతసేపూ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతుంది. గోడ దగ్గర షోజి ఫోటో. మావాడి తాగుడుతో నువ్వూ కష్టపడ్డావు కదూ అని మామగారు అడిగితే నవ్వుతుంది. ఉన్న ఇళ్లన్నిటిలోకీ చిన్నది ఇదే. మిగతా చోట్ల ముడుచుకుని కూర్చున్న ఇద్దరూ ఇక్కడ సుఖంగా కూర్చున్నారు.

ఓజు కెమెరా గురించి చెప్పుకోవలసిన చోటు ఇదే. ఆయన సినిమాల్లో కెమెరా నేలకు బాగా దగ్గరగా, చాప మీద కూర్చున్న మనిషి చూపు కన్నా కూడా కిందనే ఉంటుంది. లెన్సు మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే, 50 మిల్లీమీటర్లది. ఈ సినిమాకి ఛాయాగ్రాహకుడు యుహారు అత్సుతా. ఈ ఎత్తు గురించి విమర్శకులు చాలా సిద్ధాంతాలు చెప్పారు. నేల మీద పీటలు వేసుకుని బంతిలో భోంచేసిన తెలుగువాళ్లకు సిద్ధాంతం అక్కర్లేదు. ఆ ఎత్తులో కూర్చుంటే ఎదుటి మనిషి ముఖం, చెయ్యి, కంచం మూడూ ఒకేసారి కనిపిస్తాయి. ఎవరైనా లేచి నిలబడితే ఆ అమరిక చెదిరిపోతుంది. అందుకే ఈ సినిమాలో లేచి వెళ్లడం అనేది పెద్ద ఘటన. కోయిచి లేస్తాడు, షిగే లేస్తుంది. నోరికో లేచినా ఏదో తెచ్చిపెట్టి మళ్లీ కూర్చుంటుంది.

ఇక అన్నాచెల్లెళ్లకు ఒక ఆలోచన వస్తుంది. అమ్మానాన్నలను అతామిలో వేడినీటి బుగ్గల దగ్గరికి పంపితే? సముద్రం ఉంది, సత్రం ఉంది. మనం తిప్పే ఖర్చు కన్నా అది చౌక. ఈ మాటలో కొంత ప్రేమ ఉంది, కొంత తప్పించుకోవడమూ ఉంది. రెండిటినీ విడదీసి చూపించడానికి ఓజు ఒప్పుకోడు.

అతామి పగలు అందంగా ఉంటుంది. రాత్రి పక్క గదుల్లో కుర్రకారు మాజాంగ్ ఆడుతూ అరుస్తారు, కింద వీధిలో పాటలు. గది గుమ్మం బయట రెండు జతల చెప్పులు పక్కపక్కన ఉన్నాయి. లోపల ఇద్దరూ నిద్రపట్టక పొర్లుతున్నారు. తెల్లవారాక సముద్రపు గోడ మీద కూర్చుంటారు. క్యోకో ఈపాటికి లేచి ఉంటుంది అనుకుంటారు. ఇక ఇంటికి పోదామా అనుకుంటారు. లేవబోతూ తోమి తూలుతుంది. ఒక చెయ్యి నేలకు ఆనించి ఆగుతుంది. రాత్రి నిద్రలేక అంటుంది. సంగీతం పెరగదు, కెమెరా దగ్గరికి పోదు. మొదటిసారి చూసేవాళ్లలో చాలామంది దీన్ని దాటేస్తారు. రెండోసారి చూసేవాళ్లకు ఆ గోడ కనిపించగానే గుండె ఝల్లుమంటుంది.

అనుకున్నదానికన్నా ముందే తిరిగొస్తే షిగే ముఖం మారుతుంది. ఆ సాయంత్రం తన వృత్తి సంఘం వాళ్ల సమావేశం ఇంట్లోనే పెట్టుకుంది. వాళ్లెవరని ఒక కస్టమర్ అడిగితే ఊరి నుంచి వచ్చిన తెలిసినవాళ్లని చెప్పేస్తుంది. మూటలు పట్టుకుని ఇద్దరూ ఉయెనో పార్కుకు వెళతారు. దాదాపు ఎప్పుడూ కదలని కెమెరా ఇక్కడ గోడ వెంబడి మెల్లగా జరుగుతూ వెళ్లి, పక్కపక్కన కూర్చున్న ఇద్దరినీ వెతికి పట్టుకుంటుంది. చివరికి తలదాచుకునే చోటు లేనివాళ్లమయ్యామని షుకిచి అంటాడు, ఇద్దరూ నవ్వుకుంటారు. నగరాన్ని చూస్తూ తోమి, ఇంత ఊళ్లో తప్పిపోతే మళ్లీ ఒకరికొకరం కనపడం అంటుంది. ఆ రాత్రికి పక్క వేసేవాళ్లు ఇద్దరికీ కలిపి ఎవరూ లేరు. ఆమె నోరికో గదికి, ఆయన పాత స్నేహితుడు హత్తోరి దగ్గరికి. ఇన్నేళ్ల కాపురంలో ఒక రాత్రి నగరం వాళ్లను విడదీసింది.

ఈ చోట తెలుగు పాఠకులకు ‘బడి పంతులు’ గుర్తొస్తుంది. 1972లో వచ్చిన ఆ సినిమాలో ఎన్.టి. రామారావు, అంజలీదేవి పిల్లలు తమ మధ్య పంచేసుకున్న తల్లిదండ్రులు. అంతకు చాలా ముందు, 1937లో లియో మెక్‌కేరీ హాలీవుడ్‌లో ‘మేక్ వే ఫర్ టుమారో’ తీశాడు. అందులోనూ ముసలి దంపతులను పిల్లలు చెరో చోట పెట్టుకుంటారు. ఓజుతో కలిసి కథ రాసిన కోగో నోదా ఆ అమెరికన్ సినిమా చూశాడు. ఓజు చూడలేదు. అయితే తెలుగు తెర మీద ఈ కథలో కన్నీళ్లకు కారకులు ఉంటారు, వాళ్లకు ఆఖర్న బుద్ధొస్తుంది. ఓజు సినిమాలో బుద్ధి రావలసినవాళ్లు ఎవరూ లేరు. అందరికీ పనులున్నాయి, అద్దెలున్నాయి, పిల్లల పరీక్షలున్నాయి. డాలస్‌కో న్యూజెర్సీకో పిల్లల దగ్గరికి వెళ్లి, పగలంతా కిటికీ దగ్గర కూర్చుని, అందరూ బాగా చూసుకున్నారని చెబుతూ తిరిగొచ్చే మన అమ్మానాన్నలకు ఈ సినిమా కొత్తగా చెప్పేదేమీ ఉండదు. వాళ్ల పిల్లలు చూడాలి.

ఆ రాత్రిని ఓజు రెండుగా కోసి పక్కపక్కన పెట్టాడు. ఒకవైపు ముగ్గురు ముసలాళ్లు తాగుతున్నారు. హత్తోరి కొడుకులిద్దరూ యుద్ధంలో పోయారు. ఇంకో స్నేహితుడు నుమాతా కొడుకు బతికే ఉన్నాడు, కానీ తండ్రి చెప్పుకున్నంత పెద్ద ఉద్యోగంలో లేడు. పిల్లలు లేకపోతే బాధ, ఉంటే అది మరో బాధ అని మాట సాగుతుంది. షుకిచి కూడా ఒప్పుకుంటాడు: కొడుకు ఇంకా పెద్దవాడయ్యాడనుకున్నాను. ఆ వెంటనే సర్దుకుంటాడు, టోక్యోలో జనం ఎక్కువ, అంతకన్నా ఆశించడం మన అత్యాశ అని. ఈ పాత్ర వేసిన చిషు ర్యుకి అప్పటికి 49 ఏళ్లు. కొడుకుగా వేసిన సో యమమురా ఆయన కన్నా ఆరేళ్లే చిన్న. కానీ నడుము వంచిన తీరు, మాటకు ముందు ఒక చిన్న మూలుగు, తల ఊపడం చూస్తుంటే మేకప్ సంగతి గుర్తుకే రాదు. అర్ధరాత్రి దాటాక పోలీసు తీసుకొచ్చి షిగే ఇంట్లో వదిలితే, ఆయనా నుమాతా పార్లర్ కుర్చీల్లో కూలబడి నిద్రపోతారు. డాక్టరుగారి తండ్రికి ఆ రాత్రి దక్కిన పక్క అది.

ఇంకోవైపు నోరికో గదిలో తోమికి షోజి పరుపు వేశారు. పోయిన కొడుకు పరుపు మీద పడుకుంటానని అనుకోలేదమ్మా అంటుంది తోమి, సంతోషంగా. కోడలు భుజాలు పడుతుంది. ఎనిమిదేళ్లయింది, వాడి ఫోటో అలా పెట్టుకుని ఉంటే మాకే బాధగా ఉంటుంది, మళ్లీ పెళ్లి చేసుకో అని అత్తగారు బతిమాలుతుంది. నేను ఇలాగే బాగున్నానని, ముసలిదాన్ని కాకూడదని నిశ్చయించుకున్నానని నోరికో నవ్వుతుంది. దీపం ఆర్పాక తోమి చీకట్లో ఏడుస్తుంది. నోరికో కళ్లు తెరుచుకునే ఉన్నాయి. సెత్సుకో హారా నవ్వును మెచ్చుకోనివాళ్లు లేరు. ఆ నవ్వు చాటున ఆమె ఏం మోస్తోందో ఈ చీకటిలో తొలిసారి చూపించాడు ఓజు, అదీ మాట లేకుండా.

తర్వాత కథ వేగంగా నడుస్తుంది. స్టేషన్‌లో వీడ్కోలు చెబుతూ తోమి, అందరినీ చూశాం కాబట్టి మాకేమైనా అయినా మీరు శ్రమపడి రానక్కర్లేదంటుంది. దారిలో ఆమెకు ఒంట్లో బాగుండక ఒసాకాలో కేజో దగ్గర దిగుతారు. జబ్బు చేసిన ఘడియ మనం చూడం. కేజో అద్దె గదిలో, పరుపు మీద లేచి కూర్చున్న ఆమె, పక్కన ఆయన, లెక్కలు చూసుకుంటారు. పిల్లల కన్నా మనవలు ముద్దంటారు, నాకైతే పిల్లలే ముద్దు అని. కోయిచి మారిపోయాడు, షిగే కూడా. అయినా లోకంలో చాలామందికన్నా మనమే నయం అని. పొరుగింటావిడ మొదట్లో చెప్పిన అదృష్టం మాటను వీళ్లు ఇప్పుడు తమ నోటితో తామే చెప్పుకుని, నమ్మడానికి ప్రయత్నిస్తున్నారు.

ఒనోమిచి చేరిన కొద్ది రోజులకే తోమికి స్పృహ పోయింది. టెలిగ్రాం అందాక షిగే, నల్లబట్టలు తీసుకెళ్లాలా అని అన్నను అడుగుతుంది. ఇద్దరూ సర్దుకుంటారు. నోరికో తీసుకురాదు. ఆ తేడా కోసం ఓజు ఒక్క వాక్యం కూడా ఖర్చుపెట్టడు. కోయిచి తండ్రిని పక్కకు పిలిచి, తెల్లవారేదాకా ఉంటే గొప్ప అంటాడు. ఇక బతకదన్నమాట అని ఆ ముసలాయన రెండు మూడు ముక్కలు అంటాడు, అంతకుమించి లేదు. మరణఘడియ కూడా మనం చూడం. ఖాళీ రేవు, ఖాళీ ప్లాట్‌ఫాం, తెలవారుతున్న వీధి కనిపిస్తాయి. ఆ తర్వాత ఏడుస్తున్న మనుషులు. షుకిచి ఏడని వెతికితే బయట గుడి పక్కన నిలబడి ఉన్నాడు. చక్కని తెల్లవారుజాము, ఈరోజు కూడా ఎండ మండుతుంది అని నోరికోతో అంటాడు. భార్య పోయిన గంటల్లో ఒక భర్త అనదగిన మాట ఇది కాదని ఎవరైనా అంటే, వాళ్లు అలాంటి ఉదయం ఇంకా చూడలేదని నేననుకుంటాను.

ఆలస్యంగా చేరిన కేజో గుడిలో కూర్చోలేక బయటికొస్తాడు. అంత్యక్రియల ప్రార్థనలో మోగే చెక్క వాద్యం చప్పుడు వింటుంటే అమ్మ కొంచెం కొంచెంగా చిన్నదైపోతున్నట్టుందంటాడు. అంత్యక్రియల తర్వాత పిల్లలు వెంటనే బయల్దేరిపోతారు. నోరికో ఆగుతుంది. అక్కయ్య, అన్నయ్య ఇంత స్వార్థపరులా అని క్యోకో మండిపడితే, పిల్లలు పెద్దయ్యాక వాళ్ల బతుకులు వాళ్లకు ఏర్పడతాయని నోరికో సముదాయిస్తుంది. అయితే జీవితం నిరాశే కదా అంటుంది క్యోకో. అవును అని నోరికో నవ్వుతుంది. ఆ నవ్వులో ఓదార్పు లేదు, అబద్ధం లేదు.

ఆ తర్వాత వచ్చేది సినిమాకు గుండెకాయ. నువ్వు మాకు చేసినంత మా సొంత పిల్లలు చేయలేదని షుకిచి కోడలికి కృతజ్ఞత చెబుతాడు. తోమి టోక్యోలో అన్నిటికన్నా సుఖంగా గడిపింది నీ గదిలోనేనని చెప్పిందంటాడు. నోరికో ఆ మెప్పును భరించలేకపోతుంది. నేను అంత మంచిదాన్ని కాదు, షోజిని తలుచుకోని రోజులూ ఉంటున్నాయి, రాత్రుళ్లు ఇలాగే ఉంటే నా గతేమిటని భయమేస్తుంది, మనసులో ఎక్కడో దేనికోసమో ఎదురుచూస్తున్నాను అని చెప్పేస్తుంది. అత్తగారితో చెప్పనిది మామగారితో చెప్పింది. నువ్వు నిజాయితీపరురాలివమ్మా అంటాడు ఆయన, తోమి గడియారం తెచ్చి ఆమె చేతిలో పెడతాడు. నీ వయసులో ఉన్నప్పటి నుంచి ఆవిడ వాడినది అని. మంచి కోడలనే బిరుదు నుంచి ఆమెను విడిపించినవాడు మామగారే. పరుపు, ఫోటో, ఎనిమిదేళ్ల జ్ఞాపకం ఉన్న ఆ ఒక్క గది నుంచి బయటికి నడవడానికి పెద్దాయన తన చేత్తో తలుపు తీశాడు. ఆమె ముఖం కప్పుకుని ఏడవడం నాకు ఈ సినిమాలో కనిపించిన ఏకైక ఊరట.

ఇక షిగే. సంతాప భోజనం దగ్గరే అమ్మ బూడిదరంగు నడికట్టు, ఒక కిమోనో నాకు కావాలని అడిగింది, నాన్నే ముందు పోయి ఉంటే నయమని అనేసింది. చూసినవాళ్లంతా ఆమెను అసహ్యించుకుని బయటికొస్తారు. కానీ తండ్రి తాగి కుర్చీలో కూలబడిన రాత్రి షిగే సణుగుడును మళ్లీ వినండి. ఒకప్పుడు నాన్న ఇలాగే తాగొచ్చి అమ్మను ఏడిపించేవాడు, క్యోకో పుట్టాక మానేశాడనుకున్నాం, మళ్లీ మొదలైంది అంటుంది. క్యోకో చివరి పిల్ల. నాన్న మంచివాడయ్యాక పుట్టింది. షిగే పెరిగింది ఆ ముందు సంవత్సరాల్లో. మనం ప్రేమించిన ఈ నెమ్మదస్తుడైన ముసలాయనను ఆమె ఎరగదు. ఆమె ఎరిగిన తండ్రి వేరు. అమ్మ ఇక లేవదని కోయిచి చెప్పినప్పుడు అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా ఏడ్చింది షిగేనే. ఆ ఏడుపులో నటన లేదు. కాసేపటికి ఆమె నడికట్టు అడగడం కూడా నటన కాదు. ఈ రెండూ ఒకే మనిషి అని నమ్మించగలిగిన సుగిమురా పక్కన పెట్టి చూడదగిన నటి నాకు మరొకరు దొరకలేదు. మళ్లీ చూసేవాళ్లు నోరికోను కాసేపు వదిలి షిగేని చూడండి.